హికాక్ 600ఎ వాల్వ్ టెస్టర్ బాగా వేడెక్కుతోంది, 83 తీసేసి డయోడ్లు పెట్టమంటారా?

కుషాయిగూడ_రేడియో | ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మేం ముగ్గురం బడి రోజుల నుంచి స్నేహితులం. మా నాన్నగారు రేడియో మెకానిక్. ఆయన పోయాక మేడ మీద గదిలో రెండు ట్రంకు పెట్టెల నిండా వాల్వులు (పాత రేడియోల్లో వాడే గాజు గొట్టాలు) మిగిలాయి. చాలావరకు బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్‌వి. అట్టపెట్టెల మీద ఆయన పెన్సిలుతో పెట్టిన టిక్కులు ఇంకా ఉన్నాయి. ఏది బతికుందో ఏది పోయిందో తెలియదు. ఇన్నాళ్ళూ రేడియోలో పెట్టి, 738 కిలోహెర్ట్జ్‌లో హైదరాబాద్ స్టేషన్ పలికితే మంచిది, పలకకపోతే చెడ్డది అనుకుంటూ వచ్చాం.

నెల కిందట ఎర్రగడ్డ ఆదివారం సంతలో పాత ఇనుము మధ్య హికాక్ 600ఎ కనిపించింది. మూత లేదు, ఏ వాల్వుకు ఏ సెట్టింగో చెప్పే రోలర్ చార్టు మాత్రం చిరగకుండా ఉంది. ముగ్గురం డబ్బులు వేసుకుని కొన్నాం. అమెరికా మెషీన్ కాబట్టి 230 నుంచి 115కి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ చుట్టించాం. ఇప్పుడు రెండు సమస్యలు. ఒకటి, అరగంటకే లోపలి ట్రాన్స్‌ఫార్మర్ మీద చెయ్యి ఆనడం లేదు. రెండోది, ఈఎల్84లు అన్నీ తక్కువ చూపిస్తోంది. పెట్టె విప్పని కొత్తవి కూడా. లోపల ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్ వాల్వు 83 బలహీనపడిందని మా అనుమానం. అది తీసేసి 1ఎన్4007 డయోడ్లు పెడితే వేడీ తగ్గుతుంది, రీడింగూ పెరుగుతుంది కదా? వచ్చే ఆదివారం కూర్చుంటున్నాం. పెద్దలు చెప్పండి.

మౌలాలి_మర్ఫీ | ఆదివారం, రాత్రి 10:05

దయచేసి వైరు కోయకండి. అరవై, డెబ్బై ఏళ్ళు నిలిచిన వస్తువు. ఒకసారి కోసిన వైరింగ్ మళ్ళీ మొదటిలా రాదు. వేడెక్కితే కాసేపు ఆపి వాడండి.

నాచారం_సోల్డర్ | ఆదివారం, రాత్రి 10:22

అన్నా, ఆ ముగ్గురిలో నేనొకణ్ణి. అల్మారాలో పెట్టుకుని చూడటానికి కొనలేదు. రెండు పెట్టెల వాల్వులు తేల్చాలి. తప్పు చెప్పే టెస్టర్ ఇంట్లో ఉంటే అసలు లేనిదానికన్నా నష్టం. మంచి వాల్వు చెత్తలోకి పోతుంది.

పాతవాల్వు | సోమవారం, ఉదయం 6:15

బాబూ, ముందు 83 ఆ పెట్టెలో ఏం చేస్తోందో తెలుసుకోండి. తీయాలా వద్దా తర్వాత తేలుద్దాం.

మామూలు రేడియోలో రెక్టిఫయర్ పని డీసీ ఇవ్వడం, అంతే. హికాక్‌లో అదే కొలిచే సర్క్యూట్‌లో సగం. దానికి రెండు ప్లేట్లు. ఒక అర సైకిల్ ఒకటి, ఇంకో అర సైకిల్ రెండోది పనిచేస్తాయి. మీరు పరీక్షించే వాల్వులో ప్లేటు కరెంటును అదుపు చేసే గ్రిడ్‌కు అదే మెయిన్స్ నుంచి చిన్న ఏసీ సిగ్నల్ వెళ్తుంది. ఒక అర సైకిల్‌లో ప్లేటు కరెంటు పెరుగుతుంది, మరో దాంట్లో తగ్గుతుంది. ఆ రెండింటి తేడానే ముల్లు చూపిస్తుంది. ఆ తేడాయే మనకు కావలసిన మ్యూచువల్ కండక్టెన్స్, అంటే గ్రిడ్ వోల్టేజి మారితే ప్లేటు కరెంటు ఎంత మారుతుందన్నది. కాబట్టి 83లో ఒక సగం నీరసిస్తే, వాల్వు తప్పు లేకుండానే ముల్లు పక్కకు జరుగుతుంది. అనుమానం ఉంటే ఇంకో 83 పెట్టి చూడండి.

ఇక డయోడ్ల మాట. 83 లోపల పాదరసం ఆవిరి ఉంటుంది. కరెంటు ఎక్కువైనా తక్కువైనా దానిమీద పడే వోల్టేజి దాదాపు 15 వోల్టులే. అందుకే 5యు4 లాంటి మామూలు రెక్టిఫయర్ వాల్వు కాకుండా దీన్ని ఎంచుకున్నారు. సిలికాన్ డయోడ్ మీద ఒక వోల్టు కూడా పడదు. నేరుగా పెడితే ప్లేటు వోల్టేజి 14 దాకా పెరుగుతుంది, రీడింగు కూడా పెరుగుతుంది. మీరు దాన్ని బాగుపడటం అనుకుంటారు. అది బాగుపడటం కాదు, తప్పు అటు నుంచి ఇటు మారడం. పెట్టాలనుకుంటే డయోడ్ల తర్వాత 15 వోల్టుల, 5 వాట్ల జీనర్ (తనమీద ఒకే వోల్టేజి నిలబెట్టే డయోడ్) ఒకటి రివర్స్‌లో వేయాలి. రెసిస్టర్ వేస్తే కుదరదు. కరెంటు మారినప్పుడల్లా దానిమీద పడే వోల్టేజి మారుతుంది.

ఇంకొకటి. 83 పగిలితే పాదరసం బయటపడుతుంది. చీపురుతో ఊడవకూడదు. కిటికీలు తెరిచి, పిల్లల్ని బయటికి పంపి, గట్టి కాగితంతో ఎత్తి మూత ఉన్న సీసాలో వేయాలి. బండి మీద తీసుకెళ్ళేటప్పుడు గుడ్డలో చుట్టి నిటారుగా పెట్టుకోండి.

అంబర్‌పేట_ల్యాబ్ | సోమవారం, సాయంత్రం 7:30

మాస్టారు చెప్పినదానికి వేడి గురించి కొంచెం కలుపుతాను. పాలిటెక్నిక్‌లో మెషీన్స్ చెప్తాను కాబట్టి ఇది నాకు దగ్గరి విషయం.

ఆ ట్రాన్స్‌ఫార్మర్ 60 హెర్ట్జ్ కోసం చుట్టింది. మన దగ్గర 50. వోల్టేజి అదే ఉండి ఫ్రీక్వెన్సీ తగ్గితే కోర్‌లో ఫ్లక్స్ 20 శాతం పెరుగుతుంది. మాగ్నెటైజింగ్ కరెంటు మాత్రం 20 శాతంతో ఆగదు. కోర్ శాచురేషన్ (ఇక ఫ్లక్స్ పట్టని స్థితి) అంచుకు వచ్చిందంటే కరెంటు ఎన్నో రెట్లు లేస్తుంది. మీ చెయ్యి కాలుతున్నది దానివల్లే. స్టెప్‌డౌన్ ఎంత మంచిదైనా హెర్ట్జ్ మార్చదు.

మెయిన్స్ తగ్గించి నడుపుదామంటే లైన్ అడ్జస్ట్ (మెయిన్స్ సరిచూసుకునే) గుర్తు దగ్గరికి ముల్లు రాదు, రీడింగులన్నీ పడిపోతాయి. మిగిలిన దారి లోడు తగ్గించడం. 83 ఫిలమెంట్ 5 వోల్టులు, 3 ఆంప్స్, అంటే 15 వాట్లు. పక్కనే ఉన్న రెండో రెక్టిఫయర్ 5వై3 ఇంకో 10 వాట్లు. ఆ రెండూ వాల్వును పరీక్షించకముందే ట్రాన్స్‌ఫార్మర్ మోస్తున్న బరువు. కాబట్టి 83 స్థానంలో డయోడ్లు పెట్టడానికి మన దేశంలో గట్టి కారణమే ఉంది. ఆ కారణం వేడి. రీడింగు పెంచుకోవడానికి అయితే నేను కూడా వద్దంటాను.

మార్చే ముందు ఒక్క పని చేయండి. ఇప్పుడున్న ప్లేటు, స్క్రీన్, బయాస్ వోల్టేజీలు పుస్తకంలో రాసుకోండి. మార్చాక అవే అంకెలు రావాలి.

తమ్ముడూ, ఈఎల్84 ఒక్కటే తక్కువ చూపిస్తోందా, అన్నీనా?

కుషాయిగూడ_రేడియో | సోమవారం, రాత్రి 9:10

మేడమ్, మీరడిగాక మళ్ళీ కూర్చుని చూశాం. ఈసీసీ83లు చక్కగా చూపిస్తోంది. ఈఎఫ్86 కూడా ఫర్వాలేదు. ఈఎల్84 తక్కువ. 6ఎల్6 ఇంకా తక్కువ. మా దగ్గరున్న ఒకే ఒక్క ఈఎల్34 అయితే చచ్చిపోయినట్టే చూపిస్తోంది. కానీ అదే వాల్వు నాచారంలో యాంప్లిఫయర్‌లో హాయిగా పాడుతోంది.

గుంటూరు_హామ్ | సోమవారం, రాత్రి 9:34

మీరు రాసిన వరుస హీటర్ (వాల్వును లోపల వేడిచేసే తీగ) కరెంటు వరుస! ఈఎఫ్86 200 మిల్లీ ఆంప్స్, ఈసీసీ83 6.3 వోల్టుల మీద 300. ఈఎల్84 760. 6ఎల్6 900. ఈఎల్34 ఒకటిన్నర ఆంప్. హీటర్ ఎంత ఎక్కువ లాగితే రీడింగు అంత పడిపోతోంది. 83ను వదిలేయండి. ఈఎల్84 పెట్టి ఉండగా సాకెట్ 4, 5 పిన్నుల మధ్య ఎన్ని వోల్టులు వస్తున్నాయో కొలవండి.

కొలిచేటప్పుడు జాగ్రత్త. స్విచ్ ఆపి క్లిప్పులు తగిలించి, చేతులు తీసి, అప్పుడు ఆన్ చేయండి. మీటరు ప్రోబులు చేత్తో పట్టుకుని లోపల వెతకొద్దు. హీటర్ పిన్నులకు దగ్గర్లోనే ప్లేటు వోల్టేజి ఉంటుంది. పదేళ్ళ కిందట నేను ఒంటరిగా రాత్రి పదకొండింటికి ట్రాన్స్‌మిటర్ సర్దుతూ ఎడమ చెయ్యి చాసిస్ మీద పెట్టాను. ఆ ఊపుకి కుర్చీతో సహా వెనక్కి పడ్డాను. గదిలో రెండో మనిషి లేడు. అప్పటి నుంచి ఒక్కణ్ణే మూత విప్పను. మీరు ముగ్గురున్నారు. ఒకరు ఎప్పుడూ స్విచ్ దగ్గరే నిలబడండి.

పాతవాల్వు | మంగళవారం, ఉదయం 6:02

గుంటూరు మిత్రుడు సరిగ్గా పట్టుకున్నారు. నాకు తట్టలేదు.

నాచారం_సోల్డర్ | ఆదివారం, రాత్రి 11:15

ఈరోజు పొద్దున తొమ్మిదికి మొదలుపెట్టి ఇప్పుడే లేచాం. వివరంగా రాస్తున్నాను, తర్వాత ఎవరికైనా పనికొస్తుంది.

ముందు మెయిన్స్. మా లైన్లో ఎయిర్ కండిషనర్లు నడిచే వేళకు 205, అర్ధరాత్రికి 240. రిలే స్టెబిలైజర్ పెట్టి చూస్తే టక్కున మెట్టు మారుతోంది, ముల్లు గెంతుతోంది. అందుకని తిప్పి వోల్టేజి సరిచేసుకునే డిమ్మర్‌స్టాట్ పెట్టి, దాని తర్వాత స్టెప్‌డౌన్ పెట్టాం. రెండు పిన్నుల పాత వైరు తీసేసి మూడు పిన్నుల త్రాడు వేసి చాసిస్‌కు ఎర్త్ ఇచ్చాం. మొదటిసారి ఆన్ చేసినప్పుడు సిరీస్‌లో 100 వాట్ల బల్బు పెట్టుకున్నాం. మొదట మెరిసి మసకబారింది, అంటే లోపల షార్ట్ లేదు.

తర్వాత ఈఎల్84 హీటర్. సాకెట్ దగ్గర 5.6 వోల్టులు! వాల్వు తీస్తే 6.5. ట్రాన్స్‌ఫార్మర్ ట్యాగ్ దగ్గర మాత్రం వాల్వు ఉన్నా లేకపోయినా పెద్దగా తేడా లేదు. మధ్య దారిలో దాదాపు ఒక ఓమ్ ఎక్కడో కూర్చుంది. ఈసీసీ83 తీసుకునే కొద్ది కరెంటుకు ఆ ఒక ఓమ్ కనపడదు, ఈఎల్34కు గొంతు నొక్కినట్టే.

సెలెక్టర్ స్విచ్‌ల వెనక టార్చి వేసి చూశాం. వెండి పూత కాంటాక్టులు కాటుక పూసినట్టు నల్లగా ఉన్నాయి. ఉప్పు కాగితం వాడదామన్నాను. కుషాయిగూడ వాడు నా చెయ్యి పట్టుకుని ఆపాడు, పూత లేచిపోతుందని. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, చిత్తు కాగితం సన్నగా చీల్చి కాంటాక్టు మధ్య పెట్టి లాగాం. కాగితం మీద నల్ల గీత పడింది. మళ్ళీ కొత్త ముక్క, మళ్ళీ లాగడం. గీత పడకుండా కాగితం తెల్లగా వచ్చేదాకా ఒక్కో కాంటాక్టుకు ఏడెనిమిది సార్లు. మూడు గంటలు పట్టింది. తొమ్మిది పిన్నుల సాకెట్ పట్టు పూర్తిగా వదిలేసింది, పిన్ను పెడితే జారుతోంది. కోఠి గుజరాతీ గల్లీలో దొరికిన సిరామిక్ సాకెట్ వేశాం.

ఇప్పుడు ఈఎల్84తో 6.2 వోల్టులు. ఈఎల్34 లేచి కూర్చుంది. 83ను ఇంకా ముట్టుకోలేదు.

మౌలాలి_మర్ఫీ | ఆదివారం, రాత్రి 11:31

చాలా సంతోషం. కాగితం లాగే పద్ధతి మా బాబాయి చేసేవారు, రేడియో బ్యాండ్ స్విచ్‌లకు.

కుషాయిగూడ_రేడియో | సోమవారం, రాత్రి 8:50

రీడింగు సరి. వేడి మాత్రం అలాగే ఉంది. మేడమ్, మాస్టారు చెప్పినట్టే చేయబోతున్నాం, ఏదీ కోయకుండా. చచ్చిపోయిన 80 వాల్వు ఒకటి ఉంది. దానికీ 83కీ ఒకే నాలుగు పిన్నుల బేస్: 1, 4 ఫిలమెంట్, 2, 3 ప్లేట్లు. గాజు తీసేసి ఆ బేస్‌లో డయోడ్లు కూర్చుదామని ప్లాన్. ఒక్కో ప్లేటుకు రెండు 1ఎన్4007లు సిరీస్‌లో, రెండు వైపులా కలిసిన చోట జీనర్, అక్కడి నుంచి ఫిలమెంట్ పిన్నుకు. ఎప్పుడు కావాలంటే అప్పుడు దాన్ని పీకి 83 పెట్టుకోవచ్చు. 5వై3 జోలికి పోవడం లేదు. దానిమీద పడే వోల్టేజి లోడును బట్టి మారుతుంది కాబట్టి డయోడ్ పెట్టి సరిచూడటం కష్టం.

ఇంకో మిత్రుడు మీటరు తీసి డిజిటల్ పెడదామంటున్నాడు. అది కూడా చెప్పండి.

పాతవాల్వు | మంగళవారం, ఉదయం 5:58

ప్లగ్ ఆలోచన బాగుంది. జీనర్ కాథోడ్ డయోడ్ల వైపు, ఆనోడ్ వాల్వు ప్లేటు వైపు. తిప్పి పెడితే అది మామూలు డయోడ్‌లా పనిచేసి మీ 15 వోల్టులు మాయమవుతాయి.

మీటరు మాత్రం వద్దు నాయనా. ఆ సర్క్యూట్‌లో వచ్చేది శుభ్రమైన డీసీ కాదు, అర సైకిళ్ళ ముక్కలు. ముల్లు బరువే వాటిని సగటు చేస్తుంది. పైగా ముల్లు నెమ్మదిగా దిగజారుతోందా, వణుకుతోందా, తట్టితే ఎగురుతోందా అన్నది కంటికి తెలుస్తుంది. అంకెల్లో అది కనిపించదు. డిజిటల్ కావాలంటే విడిగా కట్టుకోండి. రోనాల్డ్ డెక్కర్ రూపొందించిన యూట్రేసర్ కిట్ ఉంది. వాల్వుకు క్షణకాలం పల్స్ ఇచ్చి కొలిచి కంప్యూటర్ మీద కర్వులు గీస్తుంది.

అంబర్‌పేట_ల్యాబ్ | మంగళవారం, సాయంత్రం 7:05

ఒక్క వాల్వునైనా డీసీ మీద విడిగా కొలిచి పెట్టుకోండి. ఈఎల్84కు ప్లేటు 250, స్క్రీన్ 250, గ్రిడ్ మైనస్ 7.3 ఇస్తే డేటా ప్రకారం 48 మిల్లీ ఆంప్స్ రావాలి. గ్రిడ్‌ను మైనస్ 6.8 చేసి ఒకసారి, మైనస్ 7.8 చేసి ఒకసారి ప్లేటు కరెంటు రాసుకోండి. ఆ రెండింటి తేడాయే ఒక వోల్టుకు ఎన్ని మిల్లీ ఆంప్స్ అన్నది. కొత్త వాల్వుకు 11.3 దరిదాపుల్లో ఉండాలి. చూసేది త్వరగా చూసి ఆపేయండి, 250 వోల్టులు, 48 మిల్లీ ఆంప్స్ అంటే 12 వాట్లు, అది ఆ ప్లేటు హద్దు. ఆ వాల్వుకు దారం కట్టి పక్కన పెట్టుకుంటే టెస్టర్‌ను ఎప్పుడు అనుమానించినా దాన్ని పెట్టి చూడొచ్చు.

హికాక్ అంకె, డేటా పుస్తకం అంకె ఒకటి కావు. 600ఎ ప్లేటుకు ఇచ్చేది 150 వోల్టుల దగ్గర. చార్టులో రాసిన అంకెతోనే పోల్చండి. ఒక వోల్టుకు ఎన్ని మిల్లీ ఆంప్స్ అన్న అంకెను వెయ్యితో గుణిస్తే చార్టులోని మైక్రోమోలు అవుతాయన్నది కొత్తవాళ్ళ కోసం చెప్తున్నాను.

మౌలాలి_మర్ఫీ | బుధవారం, రాత్రి 9:20

మొదట వద్దన్నది నేనే. ఇప్పుడు నాదో అవసరం. నా ఫిలిప్స్ సెట్‌లో యూసీహెచ్42, యూఎల్41 లాంటి రిమ్‌లాక్ అనే వేరే రకం బేస్ వాల్వులు ఉన్నాయి. హికాక్‌లో ఆ సాకెట్టే లేదు. ప్యానెల్‌కు రంధ్రం చేయకుండా దారి ఉందా?

నాచారం_సోల్డర్ | ఆదివారం, రాత్రి 10:40

ఉంది అన్నా, ఈరోజు మీకోసమే ఒకటి చేశాం. పోయిన 6వి6 ఒకటి తీసుకుని గోనెసంచిలో చుట్టి, కళ్ళద్దాలు పెట్టుకుని గాజు కొట్టాం. బేస్‌లో గట్టిపడిన సిమెంటును స్క్రూడ్రైవర్‌తో కొంచెం కొంచెంగా గీకాం. ఒక్కో పిన్ను కొన వేడిచేసి, లెడ్ కరగ్గానే బేస్‌ను బల్ల మీద టక్కున కొడితే లోపలి పాత తీగ జారి వచ్చేస్తుంది. అన్నీ ఖాళీ అయ్యాక కొత్త తీగలు వేసి పైన రిమ్‌లాక్ సాకెట్ బిగించాం. యూఎల్41 హీటర్‌కు 45 వోల్టులు కావాలి. మెషీన్ స్విచ్‌లో 45 లేదు కాబట్టి 1, 8 పిన్నుల తీగలు మాత్రం బయటికి తెచ్చాం, వేరే సప్లై నుంచి ఇవ్వడానికి. ప్యానెల్ మీద ఒక్క గీత పడలేదు. రేడియో తీసుకుని రండి.

డయోడ్ ప్లగ్ కూడా అయింది. ప్లేటు వోల్టేజి పాత అంకెకు ఒక వోల్టు తేడాలో ఉంది. లైన్ అడ్జస్ట్ మళ్ళీ సరిచేసుకోవాల్సి వచ్చింది, లోడు తగ్గింది కదా. గంట నడిపాక ట్రాన్స్‌ఫార్మర్ మీద అరచెయ్యి ఆనించి ఉంచగలిగాం.

కొత్త చిక్కు ఒకటి. ఈఎల్84 పెట్టినప్పుడు చెయ్యి దగ్గరికి తీసుకెళ్తే ముల్లు కదులుతోంది.

గుంటూరు_హామ్ | ఆదివారం, రాత్రి 10:52

ఆసిలేట్ అవుతోంది, అంటే వాల్వు తనంతట తానే సిగ్నల్ పుట్టిస్తోంది. సెలెక్టర్ నుంచి సాకెట్ దాకా పొడవాటి తీగలు, పైన అంత గెయిన్ ఉన్న వాల్వు. సాకెట్ పిన్నుల దగ్గరే గ్రిడ్, ప్లేటు తీగలకు ఫెరైట్ పూసలు దూర్చండి. పాడైన కంప్యూటర్ బోర్డుల్లో దొరుకుతాయి.

కుషాయిగూడ_రేడియో | శనివారం, రాత్రి 11:05

పూసలతో ముల్లు నిలిచింది, థాంక్స్.

మొదటి ట్రంకు పెట్టె మొత్తం పూర్తయింది. నాన్నగారి టిక్కుల సంగతి తెలిసింది. రెండు టిక్కులున్నవన్నీ చార్టు అంకెకు బాగా పైన ఉన్నాయి. ఒక టిక్కువి హద్దు దగ్గర ఉన్నాయి. ఆయన దగ్గర ఈ టెస్టర్ లేదు, మల్టీమీటరు, చెవి, అంతే. ఒక్క ఈఎల్84 పెట్టె మీద మాత్రం ఇంటూ గుర్తు ఉంది. అది కొత్తదానిలా చూపిస్తోంది. రెండుసార్లు చూశాం. ఆయన పొరబడ్డారేమో అనుకున్నాం.

పాతవాల్వు | ఆదివారం, ఉదయం 6:10

వాల్వు లోపల గ్యాస్ చేరిందేమో చూసే గ్యాస్ బటన్లు నొక్కారా? చల్లగా ఉన్నప్పుడు కాదు, పావుగంట నడిపాక. గ్యాస్ 1 నొక్కి, బయాస్ తిప్పి ముల్లును 100 మైక్రోమోల గుర్తు మీదికి తేండి. అది వదలకుండా గ్యాస్ 2 నొక్కండి. ఒక చిన్న గీత కన్నా ఎక్కువ పైకి పోకూడదు.

కుషాయిగూడ_రేడియో | ఆదివారం, మధ్యాహ్నం 1:25

ఐదు నిమిషాలకు ముల్లు కదల్లేదు. ఇరవై నిమిషాలు ఉంచి మళ్ళీ నొక్కాం. నాలుగు గీతలు లేచింది, ఇంకా ఎక్కుతూనే ఉంటే ఆపేశాం. రేడియోలో పెట్టి ఉంటే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌ను కాల్చి ఉండేది. ఇంటూ గుర్తు అలాగే ఉంచి, పక్కన ఈరోజు తేదీ రాసి విడిగా పెట్టాం. భోజనం చేసి రెండో పెట్టె తెరుస్తున్నాం.